కొండకు మేకులు, గట్టుకు గడ్డి... మీకు తెలుసా?

మీకు తెలుసా? కొండకు మేకులు కొడతారు! క్యాలెండరు తగిలించడానికి కాదండోయ్. జారడానికి సిద్ధంగా ఉన్న ఏటవాలు గట్టును నిలబెట్టడానికి ఇనుప కడ్డీలను వరసలు వరసలుగా లోపలికి దించుతారు. ఇంజనీర్లు దీన్ని సాయిల్ నెయిలింగ్ అంటారు. సుత్తి కోసం మాత్రం వెతక్కండి, ఈ మేకుకు అది చాలదు!

భైంసాలో ఉండేవాళ్లకు కొండల గొడవ ఎందుకంటారా? మన ఊరి మీదుగా పోయే 61వ నంబరు జాతీయ రహదారి ఎక్కి పడమరగా పోండి. భోకర్, నాందేడ్, పర్భణీ దాటి కల్యాణ్ చేరేలోపు అదే రోడ్డు మాల్షేజ్ ఘాట్ దిగుతుంది. వానాకాలం వస్తే కొండచరియలు విరిగిపడతాయని పేరుమోసిన ఘాట్ అది. మన పత్తి లారీ డ్రైవర్లు దండం పెట్టుకునేది ఊరికే కాదు!

మీకు తెలుసా? తూర్పుకు తిరిగినా తప్పించుకోలేరు. నిర్మల్‌లో ఈ రోడ్డు 44వ నంబరు జాతీయ రహదారిని కలుస్తుంది. దేశంలో అన్నిటికన్నా పొడవైన జాతీయ రహదారి అదే. దాని మీద ఉత్తరంగా పోతే, పోగా పోగా జమ్మూ కాశ్మీర్‌లోని రాంబన్ కొండలు. అక్కడ ఓ కొండచరియ జారిందంటే లారీలు రోజుల తరబడి కదలవు. అటు చూసినా కొండచరియలే, ఇటు చూసినా కొండచరియలే. నడుమ ఏమీ ఎరగనట్టు చదునుగా భైంసా!

ఇంతకీ మొదటి మేకుల గోడ ఎక్కడ లేచిందో మీకు తెలుసా? ఫ్రాన్సులో, రాజప్రాసాదానికి పేరుపడ్డ వెర్సాయ్‌లో, 1972లో. రైలు మార్గం వెడల్పు చేయడానికి 18 మీటర్ల ఎత్తు ఇసుక గట్టును 70 డిగ్రీల వాలులో కోశారు. దాన్ని నిలబెట్టడానికి ఎన్ని కడ్డీలు గుచ్చారో చెప్పుకోండి. వందా? వెయ్యా? 25,000కు పైనే! ఆ దెబ్బకు ఇసుక నోరు మూసుకుంది.

ఫ్రెంచివాళ్ల పేరు వినగానే నిర్మల్ వాళ్లు మీసం మెలేయొచ్చు. అక్కడి శ్యామ్‌గఢ్ కోట ఫ్రెంచి ఇంజనీర్ల చేతిపనేనని చెప్పుకుంటారు మరి. మనకు కోట కట్టి, వాళ్లింటికి వెళ్లి మేకులు కొట్టుకున్నారన్నమాట!

మీకు తెలుసా? ఈ గోడను పైనుంచి కిందికి కడతారు! ముందు గట్టు నెత్తిన ఒకటో రెండో మీటర్లు కోస్తారు, మేకులు దించుతారు, ముఖానికి పూత పూస్తారు. అది గట్టిపడ్డాకే కింద ఇంకో మెట్టు కోస్తారు. అడుగుకు చేరేసరికి గోడ పూర్తి. పునాది ఊసే ఉండదు. ఈ మాట మీ మేస్త్రీతో అని చూడండి, అడ్వాన్సు వాపస్ ఇచ్చి వెళ్లిపోతాడు!

సరే, ఒక్క మేకును దగ్గర నిలబడి చూద్దాం. డ్రిల్లింగ్ మిషన్ గట్టు ముఖంలో 10 నుంచి 15 సెంటీమీటర్ల వెడల్పు రంధ్రం తొలుస్తుంది. అందులోకి 25, 28, 32 మిల్లీమీటర్ల కడ్డీ, అంటే మామూలు ఇళ్ల పిల్లర్లలో వేసేదానికన్నా లావైన కడ్డీ తోస్తారు. అది రంధ్రం అడుగున పడుకోకుండా సరిగ్గా నడుమ నిలవాలని దానికి అక్కడక్కడా ప్లాస్టిక్ కాళ్లు తొడుగుతారు. తర్వాత సన్న గొట్టాన్ని లోపలి కొసదాకా పంపి సిమెంటు పాలు ఎక్కిస్తారు. పాలు లోపలినుంచి నిండుతూ వచ్చి మూతి దగ్గర పొంగితే పని అయినట్టు. ఎంత ఎక్కించినా పొంగట్లేదా? లోపల ఏదో పగులు తాగేస్తోందన్నమాట. అప్పుడు చూడాలి కాంట్రాక్టరు ముఖం!

మేకును సూటిగా కాకుండా 10, 15 డిగ్రీలు కిందికి వాల్చి దించుతారు. ఎందుకో తెలుసా? సిమెంటు పాలు బయటికి కారిపోకుండా. అంతే! ఇంకేదో గొప్ప రహస్యం ఉందనుకున్నారు కదూ?

మీకు తెలుసా? ఈ మేకు పరమ బద్ధకిష్టిది! దాన్ని ముందే లాగి బిగించరు. మట్టి కదలనంత కాలం అది ఏ పనీ చేయదు. గట్టు రవ్వంత ముందుకు జరిగిందా, అప్పుడు లేచి పట్టుకుంటుంది. అందుకే 10 మీటర్ల గోడ పైఅంచు 1 నుంచి 3 సెంటీమీటర్లు జరగడం మామూలే. అది చూసి ఇంజనీరు తల ఊపుతాడు, పక్కింటాయన లాయరును పిలుస్తాడు!

పక్కింటాయన అన్నాను కదా, ఆయనకు ఇంకో షాకు ఉంది. మేకు పొడవు సాధారణంగా గోడ ఎత్తులో 70 శాతానికి తగ్గదు. 10 మీటర్ల గట్టుకు 7 మీటర్ల మేకు! మీ స్థలం అంచున గోడ కడితే మేకు వెళ్లి ఆయన పడకగది కింద తేలుతుంది. ముందే సంతకం తీసుకోవాల్సిందే. కొండను ఒప్పించడం సులువు, పక్కింటివాణ్ని ఒప్పించడమే కష్టం!

మేకు నిజంగా పట్టిందో లేదో ఎలా తెలుస్తుంది? పీకి చూస్తారు! ఉత్త మాట కాదు, హైడ్రాలిక్ జాకీ తగిలించి లాగుతారు. అమెరికా పద్ధతిలో నూటికి కనీసం ఐదు మేకులకు ఈ పరీక్ష తప్పదు. మిగతా తొంభై ఐదు ఊపిరి పీల్చుకుంటాయి!

ఇప్పుడు కుర్చీ గట్టిగా పట్టుకోండి. మేకులను తుపాకీతో కాల్చే పద్ధతి కూడా ఉందని మీకు తెలుసా? బ్రిటన్‌లో తయారైన ఓ ఫిరంగి ఉంది. మందుగుండుతో కాదు, గాలి ఒత్తిడితో పేలుతుంది. 6 మీటర్ల పొడవు, దాదాపు 4 సెంటీమీటర్ల లావు ఉన్న ఉక్కు కడ్డీని గంటకు 300 కిలోమీటర్లకు పైబడిన వేగంతో గట్టులోకి దింపేస్తుంది. డ్రిల్లింగ్ లేదు, సిమెంటు పాలు లేవు, ఒక్కటే దెబ్బ! 1990లలో అమెరికా అటవీ శాఖ కొండదారుల మీద దీన్ని పరీక్షించి మార్గదర్శక పుస్తకమే వేసింది. గట్టు వెనక ఎవరూ లేరని ముందే చూసుకున్నారనే ఆశిద్దాం!

ఇంకా విచిత్రం వినండి. బాగా కట్టిన గోడలను పనిగట్టుకుని కూల్చిన ప్రభుత్వ పథకం ఒకటుంది, మీకు తెలుసా? ఫ్రాన్సులో 1986లో మొదలైన ‘క్లూతేర్’ అనే పరిశోధన అది. అసలు పరిమాణంలోనే మేకుల గోడలు మూడు కట్టారు. మొదటి గోడకు పైనుంచి నీళ్లు పట్టీ పట్టీ కూల్చారు. రెండో గోడను కింద లోతుగా తవ్వుకుంటూ పోయి కూల్చారు. మూడో దానిలో మేకుల పొడవు తగ్గించుకుంటూ పోయి కూల్చారు. ప్రపంచమంతా ఈనాడు వాడే లెక్కల్లో ఆ శిథిలాల వాటా పెద్దది. మనదగ్గరా కొన్ని గోడలు కూలుతుంటాయి కానీ, వాటిని పరిశోధన అనరు!

మీకు తెలుసా? భూకంపానికి కూడా మేకుల గోడ బెదరలేదు. 1989లో కాలిఫోర్నియాలో లోమా ప్రియెటా భూకంపం వచ్చి వంతెనలు కూలాయి. తర్వాత ఆ ప్రాంతంలోని ఎనిమిది మేకుల గోడలను వెళ్లి చూశారు. ఒక్కదానికీ చెప్పుకోదగ్గ నష్టం లేదు. బద్ధకిష్టిదని తిట్టినందుకు మాట వాపస్!

కొండకు నంబరు ప్లేటు చూశారా? హాంగ్‌కాంగ్‌లో చూడొచ్చు. అక్కడ మనుషులు చేసిన ఏటవాలు గట్లు దాదాపు 60,000. ఒక్కోదానికి రిజిస్ట్రేషన్ నంబరు, దాన్ని రాసిన పలక, చూసుకునే బాధ్యత ఎవరిదో తేల్చే రికార్డు. 1972 జూన్ 18న ఒకే రోజు రెండు చోట్ల గట్లు జారి 138 మంది చనిపోయాక, 1976లో మళ్లీ జారాక, 1977లో దీనికోసమే ప్రత్యేక కార్యాలయం పెట్టారు. నవ్వులాట పక్కన పెట్టి ఒక్క మాట: మన ఘాట్ రోడ్ల కోతలకూ ఇలాంటి నంబర్లు ఉంటే ఎంత బాగుండు!

ఆ హాంగ్‌కాంగ్‌లో మేకుకు తుప్పు పడుతుందని ముందే లెక్కేసి, దాని వాటా దానికి ఇచ్చేస్తారు. కడ్డీ చుట్టూ 2 మిల్లీమీటర్ల ఉక్కు అదనంగా ఉంచి, పైన జింకు పూత పూస్తారు. తుప్పుకు ఆస్తి పంపకం అన్నమాట. వారసుల కన్నా తుప్పే నయం, ఇచ్చిన దానితో సరిపెట్టుకుంటుంది!

గట్టు ముఖానికి పూసే సిమెంటు పిచికారీ, అదే షాట్‌క్రీట్, ఎవరు కనిపెట్టారో మీకు తెలుసా? ఇంజనీరనుకున్నారా? చచ్చిన జంతువుల తోళ్లను బొమ్మలకు తొడిగి మ్యూజియంలో నిలబెట్టే ఆయన! పేరు కార్ల్ ఏక్లీ, కొలువు షికాగోలో. 1907లో మ్యూజియం గోడల పెచ్చులు సరిచేయడానికి సిమెంటును గాలితో కొట్టే తుపాకీ తయారుచేశాడు. ఇదే మహానుభావుడు అంతకు ముందు 1896లో ఆఫ్రికాలో తన మీద పడ్డ చిరుతపులిని ఒట్టి చేతులతో చంపాడు. అలాంటాయనకు గోడ ఓ లెక్కా!

అయితే సిమెంటు పూసిన కొండ చూడ్డానికి ఏం బాగుంటుంది చెప్పండి? బూడిద రంగు, ఎండకు సెగ, వానకు మరకలు. నాకైతే కొండకు గుండు కొట్టించినట్టే ఉంటుంది. అందుకే ఇప్పుడు చాలా దేశాల్లో మేకులు లోపల, పచ్చదనం పైన అనే పద్ధతి వచ్చింది. లోతును ఉక్కు చూసుకుంటుంది, పైతోలును గడ్డి చూసుకుంటుంది. జీతం మాత్రం ఉక్కుకే!

మేకులకూ గడ్డికీ నడుమ ఓ ఉక్కు వల ఉంటుంది. మామూలు కంచె వల అనుకునేరు! ఇందులో వాడే తీగకు చదరపు మిల్లీమీటరుకు 1,770 న్యూటన్ల బలం. మామూలు ఇనుప తీగకు ఇందులో మూడో వంతు కూడా ఉండదు. వల కన్నుల్లోంచి గడ్డి పైకి లేచి, రెండు వానాకాలాలు గడిచేసరికి వల కనబడదు. దారిన పోయేవాడు ‘ఈ కొండకు ఏమీ చేయలేదే’ అని గవర్నమెంటును తిట్టుకుంటూ పోతాడు!

మీకు తెలుసా? విత్తనాలు చల్లడానికి అక్కడ మనిషి వెళ్లడు, పైపు వెళ్తుంది. గడ్డి విత్తనాలు, ఎరువు, పీచు, జిగురు నీళ్లలో కలిపి ట్యాంకరు నుంచి గట్టు మీదికి కొడతారు. పిచికారీ మన పత్తి రైతుకు నేర్పాలా? పురుగును చంపడానికి కాకుండా మొక్కను పుట్టించడానికి కొట్టడమే ఇక్కడ వింత!

గడ్డి వేరూనేదాకా వానకు మట్టి కొట్టుకుపోతే? కొబ్బరి పీచుతో నేసిన చాపలు కప్పుతారు. రెండు మూడేళ్లు కాపలా కాసి ఆ చాప మట్టిలో కలిసిపోతుంది. అప్పటికి గడ్డి తన కాళ్ల మీద తాను నిలబడుతుంది. రిటైరయ్యాక ఆఫీసు చుట్టూ తిరగని ఉద్యోగి ఇదొక్కటే!

ఇక అసలు హీరో. ఎండాకాలం మన కూలర్ తడకల్లో చల్లటి వాసన కొట్టే వట్టివేరు ఉంది చూశారూ, అది కొండలను పట్టుకుంటుందని మీకు తెలుసా? అనుకూలమైన నేల దొరికితే మొదటి ఏడాదే దాని వేరు 3 మీటర్లు దాటి నిలువుగా దిగుతుంది. పైన గడ్డి మనిషెత్తు, కింద వేరు రెండు నిలువుల లోతు. ఒక వంతు పైన, రెండింతలు పాతాళంలో!

వట్టివేరు ఒక్క పోగును లాగి తెంపి చూసిన శాస్త్రవేత్తలు ఉన్నారు. సగటున చదరపు మిల్లీమీటరుకు 75 న్యూటన్ల బలం తేలింది. మామూలు ఉక్కు బలంలో దాదాపు ఆరో వంతు! ఆరు వేర్లు కలిస్తే ఉక్కు అని లెక్క కట్టేయకండి కానీ, మట్టిలో అవి ఆరుతో ఆగవు, వేలల్లో ఉంటాయి.

నాటడం ఎలాగో చూడండి. ముదురు దుబ్బును విడగొట్టి రెండు మూడు పిలకల చొప్పున తీస్తారు. ఆకును జానెడు ఉంచి కోసేస్తారు, వేరును కూడా కురచగా కత్తిరిస్తారు. గట్టుకు అడ్డంగా, ఒకే మట్టంలో, 10–15 సెంటీమీటర్లకొకటి చొప్పున వరసగా పెడతారు. తొలకరికి పెడితే నెమ్మదిగా వరస కలిసిపోయి కంచె అవుతుంది. వాలు మీద జారే మట్టి ఆ కంచె దగ్గర ఆగి, ఏళ్లు గడిచేకొద్దీ అక్కడ మెట్టు ఏర్పడుతుంది. కూలీ ఖర్చు లేకుండా గట్టు తనను తానే కట్టుకుంటుంది!

ఈ గడ్డి పొలమంతా పాకి పంటను మింగేస్తుందేమోనని భయమా? దక్షిణాదిలో పెంచే రకానికి మొలిచే విత్తనమే ఉండదు! పెట్టిన చోటే ఉంటుంది. కర్ణాటకలో గుండ్లుపేట వైపు రైతులు వందేళ్లకు పైగా దీన్ని పొలం హద్దుగా పెడుతున్నారట. అక్కడే చూసి ప్రపంచ బ్యాంకు వాళ్లు 1980లలో ఊరూరా ప్రచారం చేశారు. హద్దురాయిని రాత్రికి రాత్రి జరిపేవాళ్లకు ఈ గడ్డంటే గిట్టకపోవచ్చు!

ముదిరిన వట్టివేరు ఆకు గరుకు. పశువులు అంతగా ఇష్టపడవు. మేకలను నమ్మి ఎవరైనా గట్టు వదిలేయగల మొక్క అంటే అదే పెద్ద రికార్డు!

మీకు తెలుసా? కొండను కాపాడే ఇదే వట్టివేరు కొండను పాడు చేస్తుంది కూడా! కరీబియన్ దీవుల్లోని హైతీ ప్రపంచానికి వట్టివేరు నూనె ఎక్కువగా అమ్మే దేశం. సెంటు సీసా కోసం వాలు నేలల మీది వేర్లు తవ్వేస్తే వానకు మట్టి కొట్టుకుపోతుంది. పారిస్‌లో సువాసన, హైతీలో బురద!

గడ్డిని మరీ నెత్తికెత్తుకోకండి. వేరు ఎంత లోతుకు దిగినా, దాని గట్టి పట్టు పైపై మీటరు, రెండు మీటర్ల వరకే. జారే పొర 5 మీటర్ల లోతున ఉంటే గడ్డితో సహా గట్టు దిగొచ్చేస్తుంది. పచ్చగా ఉంది కదా అని వాలు కింద ఇల్లు కట్టేవాళ్లకు ఈ ఒక్క పేరా చదివి వినిపించండి!

చెట్లు పెడితే ఇంకా గట్టి కదా అంటారా? ఆగండి. నిట్టనిలువు వాలు మీద పెద్ద చెట్టు గాలికి ఊగి వేళ్లతో మట్టిని పెకిలిస్తుంది. మట్టి కట్ట మీదయితే మరీ ప్రమాదం. చెట్టు చచ్చి వేరు కుళ్లితే ఆ ఖాళీ గొట్టంలోంచి నీళ్లు దారి చేసుకుంటాయి. అందుకే డ్యాముల కట్టల మీద గడ్డిని పెంచమంటారు, చెట్లను తీసేయమంటారు. ‘ఎక్కడ పడితే అక్కడ మొక్క నాటండి’ అనే స్లోగన్‌కు ఇదొక్కటే మినహాయింపు!

కట్ట అంటే మన గడ్డెన్న వాగు గుర్తొచ్చింది. ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 358.7 మీటర్లు అని వానాకాలమంతా వార్తల్లో వింటాం. అది సముద్రమట్టం నుంచి కొలిచిన ఎత్తని మీకు తెలుసా? అంటే భైంసా చేపలు విశాఖ చేపల కన్నా 350 మీటర్లు పైన ఈదుతున్నాయి. ఇంత ఎత్తుకెదిగినా గర్వం లేదు!

గడ్డి బలం చూడాలంటే నెదర్లాండ్స్ వెళ్లాలి. అక్కడ సముద్రపు కట్టల మీదికి యంత్రం పెట్టి నకిలీ అలలు వదులుతారు! 2007 నుంచి ఇదే పని. వేళ్లు దట్టంగా అల్లుకున్న గడ్డి గంటల కొద్దీ తట్టుకుంది. తెగేది ఎక్కడో తెలుసా? గడ్డి పలచబడిన చోట, జంతువులు బొరియ తీసిన చోట, మెట్లో రోడ్డో గడ్డిని తాకే చోట. కట్టకు శత్రువు సముద్రం కాదట, చుంచెలుక!

ఇప్పుడు భైంసా వాళ్లకు పెద్ద షాకు. ఇంతసేపూ పొగిడిన మేకు మన నల్లరేగడిలో పనికిరాదు! నిజం. ఉబ్బే బంకమట్టి, నీరు నిండిన మెత్తటి మట్టి ఈ పద్ధతికి పడని నేలల జాబితాలో ఉంటాయి. తడిస్తే మట్టి మేకును వదిలేస్తుంది, ఉబ్బి ముఖం మీది పూతను తోసేస్తుంది. మే నెలలో నెర్రెలో చెయ్యి పెడితే మోచేయి దాకా దిగుతుంది, జూలైలో అదే చోట కాలు పెడితే చెప్పు తిరిగిరాదు. అలాంటి నేల ఎవరి మాట వింటుంది!

ఆ పొగరు ఎక్కడిదో మీకు తెలుసా? నల్లరేగడి పుట్టింది లావాలోంచి! 6.6 కోట్ల ఏళ్ల నాడు దక్కన్ మీద పారిన లావా చల్లబడి నల్లరాయి అయింది. ఆ రాయి చివికి మన చేను అయింది. ఈనాటికీ ఆ రాతి పొరలు దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్లలో ఉన్నాయి. వాటి తూర్పు అంచుల్లోనే మనం ఉన్నాం. డైనోసార్లు అంతరించిందీ ఆ కాలంలోనే. అవి పోయాయి, పత్తి వచ్చింది. పెట్టుబడి లెక్కేస్తే ఏది ఎక్కువ భయపెడుతుందో రైతును అడగండి!

మరి నల్లరేగడిలో కాలువ తవ్వితే? ఐఐటీ బొంబాయి ప్రొఫెసర్ ఆర్.కె. కట్టి చూపిన ఉపాయం ఉంది. ఉబ్బని మట్టిని ఓ మీటరు మందాన పరిచి దిమ్మిస చేస్తే, కింద నల్లరేగడి ఉబ్బడం మానుకుంటుంది! ఆ పనికి తగిన మొరం దొరికితే అదే పరుస్తారు. మొరం ట్రాక్టరు అడ్డమొచ్చిందని ఇకనుంచి విసుక్కోకండి, ఐఐటీ సిద్ధాంతం పోతోందని పక్కకు జరగండి!

ఆ ట్రాక్టరు మొరం కుమ్మరించిన కుప్పను ఓసారి చూడండి. ఎండిన వదులు మట్టి కుప్ప చిన్నదైనా పెద్దదైనా దాని వాలు కోణం దాదాపు ఒకటే! ఇంకో పది ట్రాక్టర్లు పోసినా కుప్ప ఎత్తు పెరుగుతుంది, వెడల్పు పెరుగుతుంది, వాలు మాత్రం మారదు. ప్రమోషన్ వచ్చినా స్వభావం మారని మనుషులు మీకూ తెలిసే ఉంటారు!

కుప్పల్లో రాజులు మాత్రం సింగరేణివి. రామగుండం, మంచిర్యాల వైపు ఓపెన్‌కాస్టుల దగ్గర కొండలనుకుని ఫొటోలు దిగే వాటిలో చాలావరకు బొగ్గు మీది మట్టిని తవ్వి పోసినవే. గనుల నిబంధన ప్రకారం ఆ మట్టి వాలు 37.5 డిగ్రీలు దాటకూడదు, 30 మీటర్లు మించితే మెట్లు మెట్లుగా పోయాలి. వాటి మీద మొక్కలు కూడా పెంచుతున్నారు. పిక్నిక్‌కు వెళ్లే ముందు కొండ వయసు అడగడం మంచిది!

మీకు తెలుసా? తిరుమల మొదటి ఘాట్ రోడ్డు 1944 నాటిది, రెండోది 1974 నాటిది. 2021 డిసెంబరు 1న రెండో ఘాట్ రోడ్డు మీద భారీ బండరాళ్లు పడి రోడ్డు దెబ్బతింది. ఐఐటీ నిపుణులు వచ్చి చూశారు. ఏడుకొండలవాడి కొండనైనా వాన వదలలేదు!

విజయవాడ ఇంద్రకీలాద్రి ఇంకో అడుగు ముందుకేసింది. 2020 అక్టోబరు 21న, దసరా ఉత్సవాల్లో, ముఖ్యమంత్రి దర్శనానికి రావడానికి కొద్ది గంటల ముందు చరియలు విరిగిపడ్డాయి. ప్రోటోకాల్ తెలియని కొండ!

విజయనగరం జిల్లా కొత్తవలస నుంచి బస్తర్ ఇనుప గనుల దాకా 1960లలో వేసిన కిరండూల్ రైలు మార్గానిదీ ఇదే కథ. అరకు సొరంగాల్లో పిల్లలు కేకలు పెట్టే ఆ దారిలో, వానలు ముదిరితే చరియలు పట్టాల మీదికి దిగుతాయి. రైలు ఆగిందంటే అందరూ దిగి సెల్ఫీలు. దయచేసి ఆ గట్టు కింద మాత్రం వద్దు!

కొండకు రాఖీ కట్టిన రైల్వే ఉందని మీకు తెలుసా? కొంకణ్ రైల్వే. 2003లో వైభవ్‌వాడి దగ్గర పట్టాల మీదికి జారిన రాళ్లను రైలు గుద్దుకుని 50 మందికి పైగా చనిపోయారు. ఆ మార్గంలో ఇప్పుడు గట్ల వాలు తగ్గించడం, మేకులు దించడం, ఉక్కు వలలు, వట్టివేరు అన్నీ ఉన్నాయి. కోతల పక్కన ‘రక్షా ధాగా’ అనే తీగ కూడా లాగారు. రాయి వచ్చి తగిలితే రైళ్లకు హెచ్చరిక వెళ్తుంది. ఆ రోజుల్లో ఆ సంస్థకు ఎండీ మన తెలుగాయనే, రైళ్లు గుద్దుకోకుండా ఆపే పరికరానికి పేరుపడ్డ బొజ్జి రాజారాం!

ఇన్ని చెప్పాను, దొంగ ఎవరో చెప్పలేదు కదూ? నీళ్లు! ఎకరం మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే ఎంత బరువో మీకు తెలుసా? 40 టన్నులు! అందులో సగం ఇంకినా 20 టన్నుల బరువు గట్టు నెత్తిన ఎక్కినట్టే. పైగా లోపల ఇంకిన నీరు మట్టి రేణువులను ఎడంగా తోసి పట్టు వదిలిస్తుంది. ఎత్తే బరువు పెరిగింది, పట్టే చెయ్యి సడలింది. ఇక కొండ ఏం చేస్తుంది, దిగుతుంది!

అందుకే మేకుల గోడలో అన్నిటికన్నా చవకైన వస్తువే అన్నిటికన్నా ముఖ్యం: నీరు పోయే పైపు ముక్క. కొన్ని పైపులను గట్టు లోపలికి మీటర్ల కొద్దీ దించుతారు, కొన్ని గోడ ముఖానికి అడ్డంగా గుచ్చుతారు. పైన కొండ నెత్తిన వాన నీరు పక్కకు మళ్లే కాలువ ఒకటి. కోట్ల రూపాయల ఉక్కును కాపాడేది వంద రూపాయల పైపు. దానికి శిలాఫలకం మాత్రం ఎవరూ వేయరు!

ఆఖరి ప్రశ్న, దీనికి జవాబు మీరే చెప్పాలి. మీ కాలనీ రివిట్‌మెంటు గోడకో, రోడ్డు పక్క గట్టుకో ఉన్న ఆ పైపుల్లో ఎన్ని తెరుచుకుని ఉన్నాయి, ఎన్నింట్లో మట్టి, గుట్కా ప్యాకెట్లు కూరుకుని ఉన్నాయి? మృగశిర కార్తెలోపు ఒక సాయంత్రం వెళ్లి లెక్కపెట్టండి. మూసుకుపోయినవి కనబడితే మున్సిపాలిటీకి ఫోన్ చేయండి. ఎత్తకపోతే మళ్లీ చేయండి!